గద్దీ వెనక శ్లోకం

మే నెల వచ్చిందంటే సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. వీపున సంచి, చేతిలో కాలేజీ ముద్ర వేసిన ఉత్తరం. ఎక్కువమంది వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల్లో బీకాం, బీబీఏ చదివే పిల్లలు. లిఫ్టు దగ్గర దుకాణాల నంబర్లు చదువుకుంటూ ఒక్కో సేటు కూర్చునే గద్దీ ముందు ఆగి, "కాకా, ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటారా?" అని అడుగుతారు. నేను అలాంటి ఒక గద్దీలో మెహతాజీని. చీరల బిల్లులు, మిల్లు లెక్కలు, జీఎస్టీ, రావలసిన బాకీలు చూసేవాణ్ణి. మా సేటు ఆ ఉత్తరం తీసుకుని నా ముందు పెడతాడు. పిల్లలకు పని చెప్పేదీ, చివర్న సర్టిఫికెట్ రాసేదీ నేనే.

వాళ్ళు ఎందుకు తిరుగుతున్నారో నాకు తెలుసు. డిగ్రీ ఒక్కటే చూపిస్తే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కొత్తగా చేరేవాణ్ణి కూడా "అనుభవం ఉందా?" అని అడుగుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక యూజీసీ డిగ్రీ చట్రాన్ని మార్చి ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకు వేసి డిగ్రీలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడు తర్వాత ఊళ్ళో సమాజసేవ ప్రాజెక్టు, రెండో ఏడు తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం. చదువు గోడలు దాటి పని దగ్గరికి రావాలన్న ఆలోచన మంచిదేనని నమ్ముతాను. అందుకే ఆ పని పేరుతో ఏం జరుగుతోందో చూసినప్పుడు ఊరుకోలేను.

మా లింబాయత్‌లో, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఒక కుటుంబం ఉంది. మాలాగే సిరిసిల్ల నుంచి వచ్చిన పద్మశాలీలు. ఆ ఇంటి అమ్మాయి బీకాం చదువుతోంది. నన్ను పెద్దబాపూ అంటుంది. పోయినేడు వేసవిలో వేరే మార్కెట్లో ఒక దుకాణంలో ఇంటర్న్‌గా చేరింది. నెలన్నర పాటు ట్యాలీలో బిల్లులు ఎక్కించింది, బాకీదారులకు ఫోన్లు చేసింది, మనుషులు తక్కువైన రోజున చీరలు మడత కూడా పెట్టింది. వెళ్ళిపోయే రోజున కనీసం ఆటో ఖర్చులైనా ఇస్తారేమోనని నెమ్మదిగా అడిగింది. ఆ సేటు తన గద్దీ వెనక గోడ వైపు చూపించాడట. అక్కడ రథం మీద కృష్ణుడు, కింద గీత రెండో అధ్యాయంలోని నలభై ఏడో శ్లోకం. పని చేయడమే నీ వంతు, ఫలం మీద నీకు అధికారం లేదు అని చెప్పే శ్లోకం. "బేటా, నువ్వు నేర్చుకోవడానికి వచ్చావు. ఫలం అడగకూడదు" అన్నాడట. వెటకారంగా అనలేదు, మనసారా నమ్మి అన్నాడు. రోజూ దుకాణం తెరవగానే ఆ పటానికి అగరొత్తులు వెలిగించే మనిషి.

"పెద్దబాపూ, గీతల నిజంగ అట్లనే ఉన్నదా?" అని ఆ సాయంత్రం నన్ను అడిగింది.

మార్కండేయ మందిరంలో ఆదివారం పొద్దున కొందరం కూర్చుని గీత చదువుకుంటామని తనకు తెలుసు. అందుకే నన్ను అడిగింది. శ్లోకం అలాగే ఉంది. మాట కూడా అదే. కానీ ఆ మాట ఎవరు ఎవరికి చెప్పారన్నది వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది. కృష్ణుడు ఆ మాట అన్నది అర్జునుడితో, అర్జునుడి పని గురించి. చేసేవాడు తన మనసును ఎలా పట్టుకోవాలో చెప్పే మాట అది. చెప్పినవాడు ఆ క్షణాన ఎవరి చేత పని చేయించుకోవడం లేదు. పగ్గాలు పట్టుకుని తనే ఆ రథానికి సారథిగా ఉన్నాడు. ఇంకొకడి చేత పని చేయించుకున్నవాడు ఆ శ్లోకాన్ని తీసి చేసినవాడి ముందు పెట్టడం, నాకు తెలిసి, గీత ఎక్కడా అనుమతించలేదు. నా ఫలాన్ని నేను వదులుకోగలను. ఎదుటివాడి ఫలాన్ని వదిలేసే అధికారం నాకు ఎక్కడిది?

పని చేయించుకునేవాడికి కూడా గీతలో మాట ఉంది. దానికోసం దూరం వెళ్ళనక్కరలేదు, ఒక అధ్యాయం తిరగేస్తే చాలు. మూడో అధ్యాయంలో యజ్ఞచక్రం గురించి చెప్పేచోట, తనకు అందినదానికి బదులు తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి కృష్ణుడు నేరుగా దొంగ అంటాడు. తన కోసమే వండుకు తినేవాడు పాపం తింటున్నాడంటాడు. ఆ చక్రాన్ని తిప్పనివాడి బతుకు వ్యర్థమంటాడు. ఈ మార్కెట్‌లో ఇన్నేళ్ళుగా ఎన్నో గద్దీల వెనక రెండో అధ్యాయం శ్లోకం చూశాను. మూడో అధ్యాయం పన్నెండో శ్లోకాన్ని పటం కట్టించి పెట్టుకున్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

ఇది నేను కొత్తగా కల్పించిన వ్యాఖ్యానం కాదు. ఈ నేల మీదే ఒక పెద్దమనిషి ఆ దారి చూపించాడు. గాంధీ గీతను గుజరాతీలోకి తెచ్చి దానికి అనాసక్తియోగం అని పేరు పెట్టాడు. ఆ పుస్తకం వెలువడింది 1930 మార్చి 12న, ఉప్పు సత్యాగ్రహానికి సబర్మతి నుంచి ఆయన నడక మొదలుపెట్టిన రోజునే. ఆ నడక సూరత్ మీదుగా సాగి దాండీలో ఆగింది. దాండీ అప్పుడు సూరత్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు నవసారిలో ఉంది. ఆ పుస్తకం ముందుమాటలో ఆయన ఒక సంగతి స్పష్టం చేస్తాడు. ఫలత్యాగం అంటే ఫలితాన్ని పట్టించుకోకపోవడం కాదు. ఏ పనికి ఏ ఫలితం వస్తుందో, దానికి ఏ సాధనం కావాలో, తనకు ఆ శక్తి ఉందో లేదో తెలుసుకున్నాకే పని చేయాలి. ఇక మూడో అధ్యాయంలోని యజ్ఞాన్ని ఆయన శరీర శ్రమగా చదివాడు. ఒళ్ళు వంచకుండా తినే తిండిని దొంగతిండిగా చూశాడు. ఆయన చదివిన గీతను ఆయన సొంత భాష మాట్లాడే మార్కెట్‌లోనే మరిచిపోతే నాకు బాధగా ఉంటుంది.

దీనికి ఒక ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయను. "గురుకులంలో శిష్యుడు జీతం తీసుకున్నాడా? కట్టెలు కొట్టాడు, ఆవుల్ని కాశాడు. నేర్చుకునేవాడు సేవ చేయాలి. ఇవాళ దుకాణం కూడా గురుకులమే" అంటారు మా ఆదివారం బృందంలో ఒక పెద్దాయన. ఆయన దగ్గరే నేను శ్లోకం పలకడం నేర్చుకున్నాను. వేదం నేర్చుకునే శిష్యుడి సంగతి వరకు ఆయన మాట నిజమే. అయితే చేతిపని నేర్చుకోవడానికి వచ్చినవాడి గురించి మన ధర్మశాస్త్రాలు విడిగా చెప్పాయి, చాలా వివరంగా చెప్పాయి. నారద స్మృతిలో ఒక భాగం మొత్తం దాని గురించే. పని నేర్చుకోవాలనుకున్నవాడు బంధువుల అనుమతితో గురువు ఇంట చేరాలి. ఎంతకాలం ఉండాలో ముందే తేల్చుకోవాలి. గురువు వాణ్ణి తన ఇంట్లోనే పెట్టుకుని, తన తిండే పెట్టి నేర్పాలి. కొడుకులా చూడాలి. నేర్పుతానన్న పని తప్ప వేరే పని చేయించకూడదు. కాత్యాయనుడు ఇంకా గట్టిగా, విద్య నేర్పకుండా ఇతర పనులు చేయించుకునే గురువుకు దండన వేయాలన్నాడు, శిష్యుడు వాణ్ణి విడిచి వెళ్ళవచ్చన్నాడు.

ఇవి ఆ పెద్దాయనకు చూపించినప్పుడు చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆ మాటల్లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయని ఆయనకే చెప్పాను. గడువుకు ముందే పని వచ్చేసినా శిష్యుడు గడువు తీరేదాకా అక్కడే ఉండాలి, అప్పటిదాకా వాడి పని మీద వచ్చే లాభం గురువుదే అని కూడా నారదుడు అన్నాడు. పైగా ఆ శిష్యుడు తన కులవృత్తి మాత్రమే నేర్చుకునేవాడు. లెక్కలు నేర్చుకుని ఆఫీసుకు వెళ్ళాలనుకునే సాలెవాళ్ళ ఆడపిల్లకు ఆ గ్రంథంలో చోటే లేదు. ఆ తలుపులు మూసినవాళ్ళను నేను సమర్థించను. నాకు కావలసింది ఒక్కటే: అన్ని పరిమితులున్న ఆ పాతకాలంలో సైతం, నేర్చుకునేవాడికి తిండి పెట్టడం పని చేయించుకునేవాడి బాధ్యతగానే ఉంది. చేతిపని విషయంలో, ఉచితంగా చేయడం శిష్యధర్మం, ఉచితంగా చేయించుకోవడం గురుధర్మం అని నాకు తెలిసిన ఏ స్మృతీ చెప్పలేదు.

మన కాలపు చట్టాలు కూడా సగం దూరం ఇదే దారిలో నడిచాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికి స్టైపెండ్ ఇచ్చి తీరాలి. 2019లో సవరించిన నియమాలు డిగ్రీ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు అని పెట్టాయి. సీఏ దగ్గర ఆర్టికల్‌షిప్ చేసే పిల్లలకు స్టైపెండ్ తప్పనిసరి. కాలేజీ ఉత్తరం పట్టుకుని వచ్చే ఇంటర్న్‌కు మాత్రం ఆ గొడుగు లేదు. అదే టేబుల్ మీద, అదే కంప్యూటర్ ముందు, అదే బిల్లు ఎక్కించే ఇద్దరిలో ఒకరికి హక్కు, ఇంకొకరికి శ్లోకం.

బాకీ గురించి ఈ మార్కెట్‌కు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ సరుకు ఇవాళ వెళ్తుంది, డబ్బు మూడు నెలలకో ఆరు నెలలకో వస్తుంది. చిన్న తయారీదారుకు నలభై ఐదు రోజుల్లోగా డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించడానికి లేదని కొత్త నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు, 2024 మార్చి నెలంతా ఈ రింగ్ రోడ్డు నిద్రపోలేదు. నేనూ నిద్రపోలేదు. ఒక్కో చలాన్ తీసి తేదీలు చూసుకుంటూ కూర్చున్నాం. ఆ రోజుల్లో ఎదురు దుకాణం ముస్లిం పెద్దమనిషి ఒకరు, కూలివాడి చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టాలని వాళ్ళ ప్రవక్త చెప్పిన సంగతి ప్రస్తావించి, అది పాటిస్తే ఈ చట్టమే అక్కరలేదు అన్నారు. ఆయన తన దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు వారం వారం లెక్క తీర్చేస్తారు. నేను కళ్ళారా చూస్తున్నాను.

ఇంతవరకు పని చేయించుకునేవాడి సంగతి. చేసేవాడి గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గీత మాట్లాడింది వాడితోనే.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు మొదటి రోజే నెమ్మదిగా అడుగుతారు: "కాకా, రోజూ రాకపోయినా సర్టిఫికెట్ ఇస్తారు కదా?" వాళ్ళను తిట్టలేను. ఇంటర్న్‌షిప్ అంటే ఒక కాగితం, ఆ కాగితం అంటే బయోడేటాలో ఒక వరుస, ఆ వరుస అంటే ఉద్యోగం అని పెద్దవాళ్ళమే వాళ్ళకు చెప్పాం. జీతం లేదు కాబట్టి ఇది నిష్కామం అనుకునే సేట్లకు ఈ సంగతి కనిపించదు. ఆ పిల్లవాడి మనసులో ఫలం తప్ప ఇంకేమీ లేదు. డబ్బు బదులు కాగితం వచ్చింది, అంతే తేడా. పని మీద పైసా ధ్యాస లేకుండా కాగితం కోసం కూర్చోవడం కంటే గట్టి ఫలాసక్తి ఉంటుందా? జీతం ఇవ్వకపోవడం వల్ల ఎవడూ నిష్కామి కాడు.

మరి అనుభవం అంటే ఏమిటి? ఆదిశంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో రెండో సూత్రం దగ్గర ఒక భేదం చెబుతారు. కర్మ చేసేవాడి ఇష్టాన్ని బట్టి ఉంటుంది; చేయవచ్చు, మానవచ్చు, ఇంకో రకంగా చేయవచ్చు. జ్ఞానం అలా కాదు, అది వస్తువును బట్టి ఉంటుంది. ఎదురుగా ఉన్నది స్తంభమైతే, నేను దాన్ని మనిషి అనుకోవాలని ఎంత కోరుకున్నా అది స్తంభమే. ఆయన ఆ మాట బ్రహ్మజ్ఞానం గురించి చెప్పారని తెలుసు, బట్టల దుకాణం గురించి కాదు. అయినా ఆ వెలుగులో చూస్తేనే నాకు మా బాపు పని అర్థమైంది.

బాపు సిరిసిల్ల నుంచి ఇక్కడికి వచ్చేనాటికి చేతిమగ్గం తెలుసు గానీ సాంచా తెలియదు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. మేనమామ వెంట ఉధనాలో ఒక ఖాతాకు, అంటే సాంచాల షెడ్డుకు, వెళ్ళి ఆయన వెనక నిలబడేవాడు. మీటరు లెక్కన కూలి మేనమామకు వచ్చేది, బాపుకు ఆయన ఇంట్లో తిండి, పడక, చేతిఖర్చుకు కొంత. మొదట కండెలు అందించడం, తర్వాత తెగిన పోగు ముడి వేయడం. మేనమామ పెళ్ళికి ఊరికి వెళ్ళిన రోజుల్లో మొదటిసారి సాంచాలు బాపు చేతికి వచ్చాయి. ఆ మోతలో పక్కవాడి మాట వినపడదు. అయినా అన్ని సాంచాల మధ్య తన సాంచా ఒక్కటి గతి తప్పితే బాపు తల తిప్పేవాడు. అది ఎవరూ చెప్పి నేర్పింది కాదు. పడుగు పోగు ఒకటి తెగితే, నువ్వు ఎంత మంచివాడివైనా, ఎంత అలసిపోయినా, ఆ పోగు తెగే ఉంటుంది. చూడకపోతే బట్ట మీద గీత పడుతుంది, తాకా, అంటే ఆ బట్ట చుట్ట, వెనక్కి వస్తుంది, కూలి కోస్తారు. నా ఇష్టం చెల్లని చోట వస్తువు ముందు తలవంచి నిలబడటం, దాని మాట వినడం అలవాటు కావడం: దాన్నే నేను అనుభవం అంటాను. అది నెలల లెక్కతో వచ్చేది కాదు.

లెక్కల పుస్తకం కూడా అలాంటిదే. ఈ వేసవిలో ఆ అమ్మాయి మా గద్దీకే వచ్చింది. పాండేసరా మిల్లుకు రంగు వేయడానికి పంపిన గ్రే బట్ట మీటర్లు, తిరిగొచ్చిన మీటర్లు లాట్ వారీగా సరిచూడమని చెప్పాను. బట్ట కొంత కుంచించుకుపోవడం సహజం, ఒక పరిమితి దాకా మార్కెట్ ఒప్పుకుంటుంది. ఒక లాట్‌లో తేడా దానికి మించి ఉంది. ముందు తన ఎంట్రీయే తప్పనుకుని మళ్ళీ ఎక్కించింది. తర్వాత చలాన్లు తీసింది. గోదాం కుర్రాడి దగ్గరికి వెళ్ళి తాకాల మీద పెన్నుతో రాసిన మీటర్లు ఒక్కొక్కటి చదివింది. చివరికి మిల్లువాళ్ళు రెండు తాకాలు ఇంకో పార్టీ లాట్‌లో కలిపి పంపారని తేలింది. ఆ రెండు రోజులు ఆమెకు సర్టిఫికెట్ గుర్తులేదు, ఉద్యోగం గుర్తులేదు, నేనూ గుర్తులేను. కృష్ణుడు చెప్పిన ఆ స్థితి బట్టల గోదాంలో దుమ్ము మధ్య ఒక పిల్లకు కలగడం నేను చూశాను. అప్పటికి ఆమెకు నెలకు ఆరు వేల స్టైపెండ్ వస్తోంది. మా సేటుతో చేరే ముందే మాట్లాడి ఒప్పించాను. మొదట ఆయన సందేహించారు, మూడో అధ్యాయం చదివి వినిపించాక ఒప్పుకున్నారు. ఆయన మంచి మనిషి. చాలామంది మంచి మనుషులే, అడిగేవాళ్ళు లేక అలా జరిగిపోతుంది.

పని ద్వారా చదువు అన్న ఆలోచన మన దేశంలో ఇవాళ పుట్టింది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ నయీ తాలీమ్ ప్రతిపాదించాడు. చేతిపని చుట్టూ మొత్తం చదువు అల్లాలని, పిల్లలు తయారుచేసిన వస్తువుల మీద వచ్చే డబ్బుతో బడి తన కాళ్ళ మీద నిలబడాలని ఆయన కోరిక. 1938 ఫిబ్రవరిలో ఇదే సూరత్ జిల్లా హరిపురాలో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆ విద్యావిధానాన్ని ఆమోదించింది. కానీ దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసిన జాకిర్ హుసేన్ కమిటీయే ఒక హెచ్చరిక కూడా చేసింది: డబ్బు సంపాదన మీద దృష్టి పెరిగి చదువు వెనకబడిపోయే ప్రమాదం ఉందని. గాంధీని ప్రేమించిన మనిషి, ఆయన పథకాన్నే చేతికెత్తుకున్న మనిషి, ఆ మాట రాయడానికి వెనకాడలేదు. ఇవాళ ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు పంచే కాలేజీల్లో ఆ హెచ్చరికను గుర్తుంచుకున్న అధ్యాపకులు ఎందరు? పిల్లవాడు ఏ దుకాణంలో ఏం చేస్తున్నాడో చూడటానికి మా మార్కెట్‌కు ఒక్క లెక్చరర్ రావడం అరుదు.

పని జరిగే చోటికి రావడం పెద్దవాళ్ళ చదువుకు కూడా అవసరమని ఈ నగరానికి నేర్పింది ఒక తెలుగువాడు. 1994 సెప్టెంబరు ప్లేగు భయంలో లక్షలమంది సూరత్ వదిలి పారిపోయారు, మా వాడ నుంచి సిరిసిల్ల వైపు వెళ్ళేవాళ్ళతో రైళ్ళు కిక్కిరిశాయి. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులందరినీ ఏసీ గదుల్లోంచి లేపి రోజూ పొద్దున గల్లీల్లోకి పంపాడు, తనూ తిరిగాడు. మోరీ ఎక్కడ పొంగుతుందో ఫైలులో చదివితే తెలియదు. రెండేళ్ళు తిరగకుండా దేశంలోకెల్లా రెండో పరిశుభ్ర నగరమని పేరొచ్చింది. ఆ అధికారుల్లో ఎవరూ ఆ గల్లీ తిరుగుడుకు జీతం మానుకోలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించే సంగతి. ఎవరి పని అనుభవంగా లెక్కకు వస్తుంది?

ఆ అమ్మాయి బయోడేటా నేనే దిద్దాను. అనుభవం అన్న చోట ఇంటర్న్‌షిప్ ఒక్కటే రాసింది. వాళ్ళ అవ్వ ఇంట్లో చీరల మీద రాళ్ళు అంటించే పని చేస్తుంది. ఠేకేదారు చీరల మూటలు తెచ్చి పడేస్తాడు, చీర లెక్కన డబ్బు. లింబాయత్, డిండోలీ, పర్వత్ పాటియా వాడల్లో ఇలాంటి ఇళ్ళు లెక్కలేనన్ని. ఈ పిల్ల మునిసిపల్ తెలుగు బడిలో చదివే రోజుల నుంచీ సాయంత్రాలు అవ్వ పక్కన కూర్చుని రాళ్ళు అంటించింది. ఏ రాయి ఏ జిగురుకు నిలుస్తుందో, ఒక చీరకు ఎంతసేపు పడుతుందో, ఏ ఠేకేదారు మాట మీద నిలబడతాడో తనకు తెలుసు. ఈ నగరం బతికేదే ఆ పని మీద. కానీ దానికి ముద్ర వేసే ఆఫీసు లేదు, కాబట్టి అది అనుభవం కాదట. అదే ఒక పెద్దింటి పిల్ల తండ్రి స్నేహితుడి కంపెనీలో జీతం లేకుండా రెండు నెలలు కూర్చుంటే అది అనుభవం. జీతం లేకుండా కూర్చోగలగడం కూడా ఒక ఆస్తి. అది ఉన్నవాళ్ళకే ఆ కాగితం సులభంగా దొరుకుతుంది. లేనివాళ్ళకు నిష్కామకర్మ బోధిస్తాం.

దర్శనాల్లో ప్రమాణ చర్చ చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ప్రత్యక్షం అన్ని ప్రమాణాల కంటే ముందున్నదని అందరూ ఒప్పుకుంటారు. మా ఆడవాళ్ళ చేతులు ప్రత్యక్షంగా తెలుసుకున్నది ఉంది. కానీ ఉద్యోగం ఇచ్చేవాడు శబ్దప్రమాణం మాత్రమే అడుగుతాడు, అంటే ఎవరో ఒకరు సంతకం పెట్టిన మాట. మా కులంవాళ్ళు తామరనారతో దేవతలకు బట్టలు నేసిన భావనారుషి కథ ప్రతి మార్కండేయ జయంతికీ చెప్పుకుంటారు. నేత ఎంత గొప్పదో చెప్పుకోవడానికి పురాణం ఉంది. దాన్ని బయోడేటాలో రాసుకోవడానికి మాత్రం సిగ్గుపడతాం. ఆ అమ్మాయి బయోడేటాలో రాళ్ళపని చేర్పించాను. ఎన్నేళ్ళు, ఏ రకం చీరలు, రోజుకు ఎన్ని, లెక్క ఎవరు చూసేవారు, అన్నీ. మొదట వద్దంది. తర్వాత తనే ఒక వరుస కలిపింది: నలుగురు ఆడవాళ్ళ పని పంచి, సరిచూసి, గడువుకు అప్పగించిన బాధ్యత తనదని.

స్టైపెండ్ మొదటిసారి చేతికి వచ్చిన సాయంత్రం ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "పెద్దబాపూ, పైసలు వస్తున్నయి గద, ఇగ నాది నిష్కామం ఎట్లయితది?"

నేను నమ్మినదే చెప్పాను. ఒకటో తారీఖున ఇంత వస్తుందని ముందే తెలిసినవాడికి డబ్బు గురించి రోజూ ఆలోచించే అవసరం ఉండదు. వాడి మనసు పని మీద ఉండగలదు. ఇస్తారో ఇవ్వరో తెలియనివాడి మనసే రోజంతా ఫలం చుట్టూ తిరుగుతుంది. న్యాయమైన కూలి ముందే మాట్లాడుకోవడం నిష్కామానికి అడ్డు కాదు, దానికి నేల చదును చేయడం.

ఆమె కాసేపు ఆలోచించింది. "మరి మా అవ్వకు రాళ్ళ పైసలు ఎప్పుడొస్తయో తెల్వదు. మూడు నెలల బాకీ ఉంది. అయినా ఒక్క రాయి వంకర పెట్టదు" అంది.

నా మాటకు అది సరైన జవాబు, దాన్ని కాదనలేను. కూలి తెలియకుండానే మనసంతా పనిలో పెట్టగలిగిన మనిషి వాళ్ళింట్లోనే ఉంది. గీత చదవని మనిషి. అది ఆమె సాధించింది, ఆ గొప్పతనం ఆమెదే. దాన్ని చూపించి ఠేకేదారు బాకీ ఒక్క పైసా కూడా తగ్గించలేం. ఆమె అంత శ్రద్ధగా చేసిందంటే ఆ బాకీ ఇంకా బరువెక్కుతుంది.

మరుసటి ఆదివారం మందిరం నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఒక పొడవాటి ఖాతా పుస్తకం కొనిచ్చాను. తేదీ, చీరల సంఖ్య, రేటు, ఇచ్చినది, రావలసినది. అమ్మాయి వరుసలు గీసింది, వాళ్ళ అవ్వ జ్ఞాపకం చేసుకుంటూ చెప్పింది, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు తమ లెక్క కూడా రాయమని వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు ఆ గల్లీలో చాలామంది పేర్లు అందులో ఉన్నాయి. ఆగస్టు నుంచి మూటలు దింపేటప్పుడే ఠేకేదార్ల చేత ఆ పుస్తకంలో సంతకం తీసుకుంటోంది. పాత బాకీలు దీపావళికి ముందే వసూలు చేయాలని అనుకున్నాం, ఎందుకంటే పండగకు మార్కెట్ మూసేస్తే, ఆ తర్వాత వచ్చే లాభ్ పాంచమ్ దాకా ఎవరూ గల్లా తెరవరు.